చీటీ రానివాడు

బర్వా అల్ బరాహా, దోహా
నవంబరు 14, శుక్రవారం మధ్యాహ్నం

సునందక్కకు, తమ్ముడు నగేష్ ప్రభువు నామంలో వందనాలు చేసి రాసేది. ఒంటికి సంబంధించినంత వరకు నేను ఇక్కడ బాగున్నాను. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తున్నాను అని రాయడం ఆనవాయితీ. నీ ఉత్తరం చదివాక ఆ మాట రాయడానికి చేయి రాలేదు. మీరు క్షేమంగా ఉండాలని రోజూ అడుగుతున్నానని మాత్రం రాస్తున్నాను. నా ప్రార్థనకు ఎంత విలువుందో ఈ ఉత్తరం చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం, చింతకాయ తొక్కు రెండూ భద్రంగా చేరాయి. సీసా మూత తీయగానే రూములో ఆరుగురమూ చుట్టూ మూగాం. మా జగిత్యాల నర్సింలు వేలితో తీసి నాకి, "మీ అక్క చేతికి దండం పెట్టాలెరా, గీ దుబాయ్‌ల గిసొంటి తొక్కు ఎవడు చేస్తడు" అన్నాడు. ఇది దుబాయ్ కాదు ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా వాడికి ఎక్కదు. పదకొండేళ్ల నుంచి దోహాలో ఉండి కూడా దుబాయ్ అనే అంటాడు. మూడు రోజుల్లో సీసా సగమైంది. మిగతా సగం నా పెట్టెలో తాళం వేసి దాచాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని మొదట నవ్వుకున్నాను. "ఫోన్ల అడుగుతామంటె మీ బావ పక్కనే కూసుంటడు, అందుకే కాయిదం మీద రాస్తున్న" అన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. నేను కూడా అందుకే కాగితం మీద రాస్తున్నాను. నర్సింలు వచ్చే గురువారం సెలవు మీద ఊరికి వస్తున్నాడు. మన ఊళ్లో బస్సు దిగి ఈ కవరు నీ చేతికే ఇస్తానని మాట ఇచ్చాడు. లోపల ఏముందో వాడికి తెలియదు.

సరిగ్గా తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. చేతి మీద దెబ్బ మానిందా అని అడిగావు. మానింది, గోరు కూడా మళ్లీ వచ్చింది. ఇక్కడ ఎండ తగ్గింది కాబట్టి పైకెక్కి స్కఫోల్డింగ్ పైపులు పట్టుకుంటే ఇప్పుడు చేతులు కాలడం లేదు. ఫోన్లో రెండు మాటలకే పెట్టేస్తావేమిటని కూడా అడిగావు. దానికి జవాబు కింద వస్తుంది, కాస్త ఓపిక పట్టు.

ముందు నీ సండే స్కూలు పిల్లల ప్రశ్న తీసుకుంటాను. పన్నెండుమంది అపొస్తలుల్లో పేతురు, యోహాను, తోమా, ఇంకా అప్పగించిన ఆ యూదా తప్ప మిగతా వాళ్లు ఏం చేశారు టీచర్ అని అడిగి నిన్ను నిలబెట్టేశారని రాశావు. మంచి ప్రశ్న వేశారు. మా శుక్రవారం కూడికలో కూడా ఈ రెండు నెలలుగా అదే నడుస్తోంది. మా కూడికను నడిపించేది తిరుమలక్క. గోదావరి జిల్లా మనిషి, అల్ మన్సూరాలో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని. ప్రార్థన చేయించే మనిషి పేరు తిరుమల ఏమిటని అందరూ ఆటపట్టిస్తారు. "మా నాన్న మొక్కుకుని పెట్టాడు, ప్రభువు మార్చమని అడగలేదు, నాకెందుకు తొందర" అంటుంది. ఆమె నోటుబుక్కులోంచి ఎక్కించుకున్నవే నీకు రాస్తున్నాను.

తద్దయికి ఇంకో పేరు కూడా యూదాయే. అందువల్ల పాపం ఆయన పేరు వచ్చినచోట ఆ యూదా కాదు, ఈ యూదా అని విడిగా చెప్పుకోవాల్సి వచ్చింది. మన ఊళ్లో ఇద్దరు నగేష్‌లు ఉన్నారని నన్ను 'వాపస్ నగేష్' అన్నట్టు. ఆయన మాట్లాడినట్టు రాసింది ఒకే ఒక్క ప్రశ్న. నువ్వు మాకు కనబడతానంటున్నావు, లోకానికి ఎందుకు కనబడవు అని చివరి భోజనం దగ్గర అడిగాడు. అందరి తరఫున అడిగినవాడు చూడు. సీమోనేమో రోమా ప్రభుత్వం పేరు చెబితే మండిపడే గుంపువాడు. మత్తయి అదే ప్రభుత్వానికి సుంకం వసూలు చేసినవాడు. ఆ ఇద్దర్నీ ప్రభువు ఒకే పంక్తిలో కూర్చోబెట్టాడు. మా రూములో ఏసీ పెంచేవాడికీ తగ్గించేవాడికీ పక్కపక్క మంచాలు ఇచ్చినట్టు. అల్ఫయి కొడుకు యాకోబు అన్న మాట ఒక్కటి కూడా ఎక్కడా రాయలేదు. బర్తొలొమయి మన దేశం దాకా వచ్చాడని పాతకాలం వాళ్లు కొందరు రాశారట. కాదు, అర్మేనియా పోయాడని ఇంకొందరు. ఎంత నిజమో నాకు తెలియదు. పిల్లలకు ఒక్క సంగతి చెప్పు. ఫోన్లు లేవు, బస్సుల్లేవు. సువార్త అన్ని దేశాలకూ పోయిందంటే మనం పేరు కూడా గుర్తుపెట్టుకోని ఇలాంటి వాళ్ల కాళ్ల మీదే పోయింది.

యూదా పోయాక ఆ ఖాళీలోకి వచ్చిన మత్తీయ సంగతి కూడా రాయమన్నావు. దాన్ని చివరికి ఉంచాను. ఈ ఉత్తరంలో నేను చెప్పాల్సింది అదే.

ఇప్పుడు నర్సింగ్ బావ సంగతి. నువ్వు రాసిన మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. బావ జూలైలో వచ్చిన దగ్గర నుంచి ఒక్క ఆదివారం కూడా సంఘానికి రాలేదని, పాట వినిపిస్తే లేచి పొలం వైపు పోతాడని, భోజనం ముందు కళ్లు మూసుకోవడం కూడా మానేశాడని రాశావు. నువ్వు గుచ్చి గుచ్చి అడిగితే ఆయన అన్న మాట కూడా రాశావు. "దేవునికి నా లోపల ఏమున్నదో ఎరుకనే గదనే సునందా. అందుకే నా పేరు తియ్యలే."

తనలో ఏం తప్పుందా అని ఆయన పాత రోజులన్నీ తవ్వుకుంటున్నాడని రాశావు. ఇరవై ఏళ్ల వయసులో పొలం గట్టు జరిపారన్న పంచాయితీలో పెద్దల మాట కాదనలేక హమీదుద్దీన్ సాబ్ మీద అబద్ధపు సాక్ష్యం చెప్పాడట. ఆ సంగతి నీకు కూడా ఇప్పుడే తెలిసిందట. పోయి ఆ ముసలాయన కాళ్లు పట్టుకుంటే, ఆయన చాయ్ పోయించి, "ఎప్పుడో మరిచిపోయిన నర్సింగ్, ఇయాల నువ్వెందుకు యాదికి చేస్తున్నవ్" అన్నాడట. బావ ఇంటికి వచ్చి, "మనిషి మరిచిండు, దేవుడు మరువలే" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడట. అది చదివి నేను బాత్రూములోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

అన్నిటికన్నా చివర రాశావు. సంఘం పుస్తకంలో తన పేరు కొట్టేయమని బావ పాస్టరయ్య దగ్గరికి పోయాడని. ఏర్పరచబడనివాణ్ని, ప్రభువు భోజనపు బల్ల దగ్గరికి వచ్చి ఇంకా పాపం మూటగట్టుకోను అన్నాడని. డిసెంబరు మొదటి ఆదివారం దాకా ఆగి చూడు, అప్పటికీ అదే మాట మీదుంటే కొట్టేస్తాను అని పాస్టరయ్య అన్నాడని. తర్వాత నన్ను అడిగావు: "నువ్వు ఆ దినం ఆయన పక్కన్నే ఉన్నవు గద తమ్మీ, అసలేమైందో జర చెప్పు. ఏం చెప్తె ఆయన మనసు మల్లుతదో నువ్వే చెప్పాలె."

నీకు చాలా వరకు తెలిసిన కథే అయినా మొదటి నుంచి రాస్తాను. ఎందుకంటే నీకు తెలిసింది సగమే.

బావ ఇక్కడ తొమ్మిదేళ్లు పనిచేశాడు. నేను వచ్చి అప్పటికి పదకొండు నెలలు. నా వీసా కోసం బావ ఎన్ని రోజులు క్యాంప్ ఆఫీసు ముందు నిలబడ్డాడో నర్సింలు నాకు చెప్పాడు, బావ ఏనాడూ చెప్పలేదు. జూన్ నెలాఖరున సైట్ పని అయిపోయింది. మా ఫోర్‌మన్ ముజఫ్ఫర్ అలీ సాబ్, నిజామాబాద్ ఆయన, మా ఇద్దర్నీ పిలిచాడు. "దేఖో, మీ ఇద్దర్ల ఒక్కన్నే ఉంచుకుంటమని ఆఫీసోల్లు చెప్పిండ్రు. నర్సింగ్ పాతోడు, నా లెక్కల నర్సింగే ఉండాలె. ఫిర్ భీ మీరు ఒకే ఇంటోల్లు. సలా చేసుకొని రేపు చెప్పుండ్రి" అన్నాడు.

బావ అప్పుడే 'నేనుంటాను' అని ఉంటే అయిపోయేది. అడ్డు చెప్పేవాడు లేడు. నేను కూడా తల వంచుకుని పెట్టె సర్దుకునేవాణ్ని. కానీ ఆయన సాబ్‌తో, "వద్దు సాబ్, నేను పాతోన్నని ఉంటె నా పెండ్లాం తమ్మున్ని నేనే ఎల్లగొట్టినట్టయితది. ప్రభువును అడుగుతం. ఎవరి పేరొస్తె వాల్లు ఉంటరు" అన్నాడు. అపొస్తలులు మత్తీయను ఎలా ఎంచుకున్నారో బావకు విన్నది విన్నట్టు నోటికి వచ్చు. ఇద్దర్ని నిలబెట్టి, అందరి మనసులూ తెలిసిన ప్రభువా నీ మనిషి ఎవరో చూపించు అని ప్రార్థన చేసి చీట్లు వేశారు. మనం కూడా అట్లే వేద్దాం అన్నాడు.

మన ఊళ్లో నూతన సంవత్సరం రోజు వాక్యం రాసిన వాగ్దానం చీటీ తీసినప్పుడు బావ ఎట్లా తీస్తాడో నీకు తెలుసు. వచ్చిన మాట ఏడాదంతా నోట్లో నానబెట్టుకుని తిరుగుతాడు. చీటీ అంటే ఆయనకు దేవుని నోరు. నాకూ ఆ రోజు ఉదయం దాకా అంతే.

ఆ మధ్యాహ్నం రూములోనే వేశాం. బావకు చదువు రాదు కాబట్టి చీట్లు నన్నే రాయమన్నాడు. "నీ పేరొకటి, నా పేరొకటి రాయ్‌రా" అని నోటుబుక్కు చేతికిచ్చి, ముఖం కడుక్కుని రావడానికి బయటికి పోయాడు. పాలపొడి డబ్బా ఖాళీ చేసి తుడిచి పెట్టాను. మొదటి చీటీ మీద నా పేరు రాశాను. రెండో చీటీ చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

అక్కా, నేను హైదరాబాద్ పోయి రెండుసార్లు తిరిగొచ్చాను. ఒకసారి హోటల్ పని, ఒకసారి సెక్యూరిటీ. రెండోసారి బస్సు దిగినప్పుడు స్టాండులో కూర్చున్నవాళ్లు, "అగో, వాపస్ నగేష్ వాపస్ అచ్చిండు" అని చప్పట్లు కొట్టారు. నువ్వు ఆ రోజు వాళ్లతో కొట్లాడావు. ఖతర్ పోయి ఏడాది తిరక్కముందే మళ్లీ అదే బస్సు దిగడం నా కళ్ల ముందు కనబడింది. బావకు పొలముంది, నువ్వున్నావు, గౌరవముంది, మోకాళ్లు నొప్పులంటున్నాడు, ఇంటికి పోతే ఆయనకే సుఖం అని నాకు నేను చెప్పుకున్నాను. ఇవన్నీ రెండు నిమిషాల్లోనే చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే రెండో చీటీ మీద కూడా నా పేరే రాశాను.

రాసేశాను. ఇంత చిన్న వాక్యం రాయడానికి నాకు నాలుగున్నర నెలలు పట్టింది.

బావ వచ్చి డబ్బా మీద చేయి పెట్టి ప్రార్థన చేశాడు. తన కోసం ఒక్క మాట అడగలేదు. ఉండేవాడికి ధైర్యం ఇవ్వు, పోయేవాడికి సమాధానం ఇవ్వు అని అడిగాడు. నేను ఆమెన్ అన్నాను. ఏ పక్షమూ లేనివాడని నర్సింలును తీయమన్నాం. వాడు విప్పి నగేష్ అని చదివాడు. బావ రెండు చేతులతో నా తల పట్టుకుని, "ప్రభువు నీ దిక్కు సూసిండురా" అన్నాడు. కళ్లలో నీళ్లున్నాయి, నవ్వుతున్నాడు కూడా.

నర్సింలు ఊరికే ఉండక, "మా ఊల్లె చిట్టీలేస్తె రెండోది గూడ ఇప్పి సూపిస్తరు, గది గూడ సూడరాదుండ్రి" అన్నాడు. నా ప్రాణం పోయింది. బావకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "దేవుని మీద అనుమానమారా? అడిగినం, చెప్పిండు, ముచ్చట ఒడిసింది" అని డబ్బా మూత పెట్టేశాడు. నన్ను కాపాడింది ఆయన నమ్మకమే. అది తలుచుకున్నప్పుడల్లా నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

కథ అంతటితో ఆగలేదు. వెళ్లిపోయే ముందు శుక్రవారం బావ కూడికలో లేచి, ఇట్లా ప్రభువును అడిగాం, తమ్ముణ్ని ఉంచుకున్నాడు, నాకు సంతోషమే అని సాక్ష్యం చెప్పాడు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత వారం నన్ను చెప్పమన్నారు. చెప్పాను. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా, నగేష్ తమ్ముడి సాక్ష్యం వినాలి అని నన్ను లేపేవాళ్లు. మూడోసారికి, నర్సింలు చీటీ తీస్తుంటే నా ఒంట్లో వెచ్చగా ఏదో పాకినట్టయింది అని కూడా చేర్చాను. పాకింది చెమట. అక్కడ ఊళ్లో బావ గోడ వైపు తిరిగి పడుకుంటుంటే, ఇక్కడ నేను ఆయన కీడు మీద నిలబడి ఆమెన్‌లు అందుకుంటున్నాను. నీతో ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడలేకపోయింది అందుకే. వెనక నుంచి బావ దగ్గు వినబడితే చాలు, సిగ్నల్ లేదని పెట్టేసేవాణ్ని.

అపొస్తలుల్లో ఒక్కొక్కరి గురించి ఒక్కొక్కరు మాట్లాడాలని తిరుమలక్క పంచినప్పుడు, "చీటీలో నెగ్గినోడివి నువ్వే కదా తమ్ముడూ, మత్తీయ నీకే" అంది. పోయిన శుక్రవారం నా వంతు. నీ ఉత్తరం వచ్చి అప్పటికి రెండు రోజులు. జేబులో పెట్టుకునే పోయాను. మత్తీయ మొదటి నుంచి ప్రభువు వెంట తిరిగినవాడని, పన్నెండో చోటు నిండకపోతే సాక్షుల లెక్క కుంటిదని, అందుకే పెద్దలు తొందరపడ్డారని చెప్పాను. తర్వాత ఆయన ఏ దేశం పోయాడో తలా ఒకటి చెబుతారన్నాను. బాగానే సాగింది.

అప్పుడు తిరుమలక్క, "మరి ఆ రెండోవాడు ఏమయ్యాడు తమ్ముడూ? ఆయనా మొదటి నుంచీ వెంట తిరిగినోడే కదా" అని అడిగింది.

రెండోవాడి పేరు యోసేపు. బర్సబ్బా అని, యూస్తు అని కూడా పిలిచేవాళ్లు. మూడు పేర్లున్నా ఆ ఒక్క చోట తప్ప వాక్యంలో ఆయన మళ్లీ కనబడడు. చీటీ రాని రోజు సాయంత్రం ఆయన ఇంటికి పోయి ఏమనుకున్నాడో, భార్యతో ఏం చెప్పాడో, దేవుడు నన్నెందుకు వద్దన్నాడని ఎన్నాళ్లు కుమిలాడో ఎవరూ రాయలేదు. నేను మాత్రం అది చదివాను అక్కా. నీ చేతిరాతలో, నీ ఉత్తరంలో. తిరుమలక్కతో నాకు తెలియదు అని చెప్పి కూర్చున్నాను.

కూడిక అయ్యాక తిరుమలక్కకు అంతా చెప్పేశాను. ఓదారుస్తుందనుకున్నాను. ఆమె నోటుబుక్కు మూసి, "నువ్వు ఉద్యోగం కొట్టేశావంటే ఏదోలే అనుకుందును. దేవుడు అనని మాట దేవుడన్నాడని చెప్పావు. ఆ మాట పట్టుకుని అక్కడొక మనిషి చచ్చిపోతున్నాడు. నాకు చెప్పి ఏం లాభం? ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పు" అంది. ఈ రోజు కూడికలో నేనే లేచి, నా సాక్ష్యం అబద్ధమని చెప్పాను. ఎవరూ ఆమెన్ అనలేదు. బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

నిన్న ముజఫ్ఫర్ సాబ్ దగ్గరికి కూడా పోయాను. నన్ను పంపేసి బావను మళ్లీ పిలిపించమని అడిగాను. ఆయన హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి, "నర్సింగ్ పేరు మీద నేను ఆఫీస్ల కాయిదం గూడ తయార్ చేసి పెట్టిన. మీరే అచ్చి నగేష్ అన్నరు. ఖుదా పేరు మీద చిట్టీ రాసి గిట్ల చేస్తవా బే?" అన్నాడు. తిట్టిందంతే. తర్వాత నిదానంగా, "ఇప్పుడు నువ్వు పోయినా గా జాగ నర్సింగ్‌కు రాదు. కొత్త వీసాలు మాఫీ, ఇస్తలేరు. జనవరి ఎల్లినంక అడిగి సూస్త. వాదా, పక్కా మాట అయితె ఇయ్యను" అన్నాడు. కాబట్టి బావకు ఆశ పెట్టవద్దు. నేను తీసుకున్నది తిరిగి ఇవ్వడం నా చేతిలో లేకుండా పోయింది.

నువ్వు నన్ను ఏమన్నా పడతాను. ఈ ఉత్తరం దాచిపెట్టి నన్ను కాపాడాలని మాత్రం చూడకు. చిన్నప్పటి నుంచి నా తప్పులన్నీ నీ కొంగు చాటున దాచావు, ఇది దాచవద్దు. పాస్టరయ్యకు చూపించు. సంఘంలో చదివించినా సరే. రమ్మని ఒక్క మాట రాయి, వచ్చి అందరి ముందు బావ కాళ్ల దగ్గర కూర్చుంటాను. స్టాండులో వాళ్లు చప్పట్లు కొడితే కొట్టనీ. బావ నా ముఖం చూడనంటే అదీ న్యాయమే.

డిసెంబరు మొదటి ఆదివారం లోపు మాత్రం ఆయనకు చెప్పాలి. ఎలా చెప్పాలో అడిగావు. ఒట్టి మాటలతో చెబితే ఆయన నమ్మడు. నా మీద ప్రేమతో, తన మీద జాలితో తమ్ముడు కథ అల్లాడనుకుంటాడు. అందుకని ఈ కవర్లో ఇంకో చిన్న కవరు పెట్టాను. ఆ రోజు డబ్బా కడుగుతానని తీసుకుపోయి, అందులో మిగిలిన చీటీని, నర్సింలు విప్పి పక్కన పడేసిన చీటీని రెండింటినీ తీసుకున్నాను. పారేస్తే ఎవరైనా చూస్తారని భయం వేసి పాస్‌పోర్టు కవర్లో దాచాను. తర్వాత పారేయడానికి ధైర్యం చాల్లేదు.

బావను గోడ వైపు నుంచి ఇటు తిప్పి కూర్చోబెట్టు. ఉత్తరం చదవకముందే ఆ రెండు చీట్లూ విప్పి ఆయన ముందు పక్కపక్కన పెట్టు. ఆయనకు అక్షరాలు రావు. కానీ రెండింటి మీదా ఒకే తీరు గీతలున్నాయని ఎవరూ చదివి చెప్పకుండానే ఆయనకు కనబడుతుంది. కనబడిందాకా ఆగు. అప్పుడు చెప్పు అక్కా, దేవుడు ఆయన్ని వద్దనలేదని. ఆ డబ్బాలో బావ పేరే లేదని.

ఇట్లు,
తమ్ముడని రాసుకునే అర్హత నువ్వు ఇస్తేనే ఉన్న
నీ తమ్ముడు
నగేష్